సగం చెక్కిన రాయి కోసం నిర్మల్ ఘాటు దాకా

మీలో ఎవరికైనా లారీలో ప్రయాణం చేయాలని సరదా ఉంటే ముందే ఒక మాట చెప్తాను. లారీ మెట్లు చీర కట్టుకున్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. బరువు ఎంతో అడగకండి. నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించడానికి డ్రైవర్ ఖాజా చెయ్యి, చర్చిలోంచి తెచ్చిన స్టూలు, మా పాస్టరు గారి ప్రార్థన, మూడూ కావలసి వచ్చాయి.

హుస్నాబాద్: రాయి

మా తాత సామేలు సమాధి హుస్నాబాద్‌లో ఉంది. పాత రాయి పగిలిపోతే, కొత్తది వేయిస్తానని మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, దేవదాసు పట్టుబట్టాడు. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. రాయి మీద తాత పేరు కింద ఏం ఉండాలో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు: "నిర్మల్ ఘాటు ఎక్కిన మొదటి లారీ డ్రైవర్". ఈ మాట మా ఇంట్లో అన్నానికి ముందు చేసే ప్రార్థన కన్నా ఎక్కువసార్లు వినబడింది. ఘాటు అంటే నిర్మల్ దాటాక వచ్చే కొండ దారి.

రాయి చెక్కే ఆయన కూతురికి పురుడు దగ్గర పడిందట. తొందర మీద మొదలుపెట్టాడు. "మొదటి లారీ" దాకా చెక్కాక పాస్టరు గారు చూడటానికి వచ్చారు.

"దీనికి సబూతు ఏమన్న ఉన్నదా దేవదాసన్నా?" అని అడిగారు. "సమాధి రాయి మీద రాసుడంటే దేవుని ముంగట చెప్పినట్టే. రేపు ఇంకోలొచ్చి మా తాతనే మొదటోడు అంటే నేనేం చెప్పాలె?"

ఉలి అక్కడే ఆగిపోయింది.

మా దగ్గర సబూతులు, అంటే రుజువులు, మూడు. ఒకటి, తలుపుకు అడ్డంగా పెట్టే టేకు మొద్దు. ఒక వైపు పల్చగా, ఒక వైపు మందంగా ఉంటుంది. చివర ఇనుప కడెం. తాత డ్రైవర్ సీటు కింద ఎత్తుకు వేసుకున్నది ఇదేనని పెద్దబాపు చెప్పేవాడు. రెండోది, తాత కుడి కాలికి లేని రెండు వేళ్ళు. బ్రేకు తొక్కీ తొక్కీ పోయాయట. చిన్నప్పుడు ఆ కాలు చూసి నేనూ నమ్మాను. నర్సునయ్యాక బ్రేకు తొక్కితే వేళ్ళు ఊడవని తెలిసింది గానీ, సొంత ఇంట్లో నర్సును ఎవరు అడుగుతారు? మూడోది, పెద్దబాపు గొంతు. అది చాలా పెద్దది.

పాస్టరు గారు మొద్దును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పీట కూడ కావచ్చు గదా" అన్నారు.

ఆ రోజు నుంచి పెద్దబాపు సరిగ్గా తినడం మానేశాడు. చుట్టాలందరికీ రాయి నిలబెట్టే ప్రార్థనకు కబురు వెళ్ళిపోయింది. రెండు ఆదివారాలే గడువు. ఈ వయసులో అలక షుగరు కన్నా ప్రమాదం. "ఇచ్చోడల లతీఫ్ అని బాపుకు పాణం లెక్క దోస్తు ఉండె. ఆయనోళ్ళకు తెలుస్తది" అని ఆయనే అన్నాడు. కరీంనగర్‌లో మా గల్లీ ఖాజా ఆదిలాబాద్ దాకా బియ్యం లోడు వేస్తాడు. దారిలో డ్రైవర్లను అడిగి, లతీఫ్ కొడుకు ఇమాం సాబ్ ఇంకా ఇచ్చోడలోనే ఉన్నాడని ఖాజాయే కనుక్కున్నాడు. ఇంకేం, మొద్దును సంచిలో పెట్టుకుని హుస్నాబాద్ చర్చి ముందే ఖాజా లారీ ఎక్కాను.

మెట్‌పల్లి: రెండో మొదటి డ్రైవర్

లారీ క్యాబిన్‌లోంచి చూస్తే కార్లలో వెళ్ళేవాళ్ళందరూ మన కాళ్ళ దగ్గర కూర్చున్నట్టు ఉంటారు. జగిత్యాల దాటేసరికి నాకు కొంచెం పొగరు కూడా ఎక్కింది. ఖాజా నలభై ఏళ్ళవాడు, హారన్ తక్కువ, మాట ఎక్కువ. ఇంజను వేడి కాళ్ళకు తగులుతుంటే, "మేడం, ఇది కొత్త బండి. గా కాలంల అయితే ఇంజన్ మీద నీళ్ళు మసిలేటియట. జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు.

మెట్‌పల్లి దగ్గర హోటల్లో ఆగాం. పది రూపాయల చాయ్, ఇరవైకి నాలుగు మిర్చీలు. మా కరీంనగర్‌లో మిర్చీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు కూడా దట్టించారు. రెండోసారి కూడా తెప్పించుకున్నానని పెద్దబాపుకు చెప్పకండి, ఆయన అక్కడ పస్తులుంటున్నాడు.

హోటలాయనకు నా సంచిలోని మొద్దు ఏమిటో తెలుసుకోవాలనిపించింది. చెప్పాను. ఆయన గరిటె పక్కన పెట్టేశాడు.

"మీ తాతనా? ఘాటు ఎక్కిన పస్టు లారీ నడిపింది మా తాత. మెట్‌పల్లిల ఎవల్నన్న అడుగుండ్రి."

అక్కడున్న ముగ్గురు తల ఊపారు. వాళ్ళు అప్పటికి ఆయన దగ్గర బాకీ చాయ్ తాగుతున్నట్టున్నారు, సాక్ష్యంగా పనికిరారు. "సబూతు ఉన్నదా?" అని పాస్టరు గారి గొంతుతో అడిగాను. ఆయన కోపంగా మిర్చీల బాండ్లీ వైపు తిరిగాడు. మా ఇంట్లో నన్ను ఎవరైనా ఇలా అడిగితే నేనూ అంతే చేసేదాన్ని.

సోన్ దగ్గర గోదావరి మీదికి రాగానే ఖాజా బిస్మిల్లా అంటూ కిటికీలోంచి రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరాడు. మా సండే స్కూల్లో ఇది నేర్పలేదు. అతని మదర్సాలోనూ నేర్పి ఉండరు. అయినా ఎక్కినవాళ్ళకు లారీ మతమే వర్తిస్తుందనిపించి, "నా తరఫున గూడ ఒకటి వెయ్యి" అని బిళ్ళ అందించాను.

నిర్మల్: మూడో మొదటి డ్రైవర్

నిర్మల్‌లో లాడ్జిలో పడుకుని, పొద్దున బొమ్మల దుకాణానికి వెళ్ళాను. కర్రతో చేసిన సీతాఫలం చూస్తే కొరకబుద్ధవుతుంది. ఒక మూల చిన్న లారీ బొమ్మ ఉంది. మూడు వందల యాభై అన్నాడు, మూడు వందలకు తెచ్చాను. పెద్దబాపుకు ఏమీ దొరక్కపోతే కనీసం ఇదైనా చేతిలో పెట్టవచ్చని.

"లారీ బొమ్మ ఎందుకు చేస్తున్నరు? ఎడ్లబండ్లు, పండ్లు గదా మీ పేరు?" అని అడిగాను.

"మా తాత నడిపిండు అక్కా," అన్నాడు దుకాణదారు. "గీ ఘాటు మీద మొదటి లారీ మా తాతదే."

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. ఈ లెక్కన ఆ లారీకి కనీసం మూడు స్టీరింగులు ఉండాలి. కానీ లాడ్జి గదికి తిరిగి వచ్చి బూట్లు తొడుక్కుంటుంటే నవ్వు ఆగిపోయింది. వాళ్ళిద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మా పెద్దబాపులాగే విన్నదే చెబుతున్నారు. మరి మా ఇంటి మాట మాత్రం ఎందుకు నిజం కావాలి?

నిర్మల్ దాటాక ఘాటు కోసం కళ్ళు విప్పార్చుకుని కూర్చున్నాను. అడవి వచ్చింది, వెడల్పాటి నాలుగు వరసల రోడ్డు వచ్చింది, ఇంకా చూస్తున్నాను.

"ఘాటు ఎప్పుడొస్తది ఖాజా?"

"అరే, అయిపాయె గదా మేడం! ఇప్పుడు లారీలన్ని కొత్త రోడ్డు మీదికెల్లే పోతయి. పాత ఘాటు గటు పక్కకున్నది."

మా వంశం మొత్తం గొప్పలు చెప్పుకున్న కొండను నేను గోళ్ళు కొరుక్కుంటూ దాటేశాను.

ఇచ్చోడ: మొద్దుకు జోడి

ఇమాం సాబ్ ఇల్లు హైవేకు కొంచెం లోపల. రేకుల వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకూ ఎనభై దాటాయి, పళ్ళు రెండో మూడో. కోడలు షబానా జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిమిర్చి ఠేచా పెట్టింది. ఠేచా అంటే దంచిన కారం. మహారాష్ట్ర దగ్గర కదా, కారానికి కూడా మరాఠీ పేరు. ఒక్క ముద్దకు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తర్వాత వచ్చినవి వేరే కారణానికి, అందుకే ముందే చెబుతున్నాను.

"చాచా, నేను హుస్నాబాద్ సామేలు మనుమరాలిని. మొదటి లారీ డ్రైవర్ సామేలు" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చింది. షబానా వీపు నిమిరింది. మళ్ళీ నవ్వాడు.

"డ్రైవరా? సామేలా? అరే బేటీ, డ్రైవరు ఎవడో బొంబాయి దిక్కు నుంచొచ్చిన ఆయన. ఆయన పేరు ఎవ్వలకు యాది లేదు. మా బాపు ఎడమ చక్రం, మీ తాత కుడి చక్రం."

నాకు అర్థం కాలేదు. సంచిలోంచి మొద్దు తీసి మంచం మీద పెట్టాను. ఆయన నవ్వు టక్కున ఆగింది. కడేన్ని వేలితో తడిమి, "షబానా, గా మొద్దు తే" అన్నాడు.

ఆమె నీళ్ళ డ్రమ్ము కిందినుంచి ఒకటి లాక్కొచ్చింది. అదే టేకు, అదే కడెం. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి తోశాడు. చెట్టు లోపలి గీతలు ఒకదాన్నుంచి ఒకదానిలోకి నడిచాయి. ఒకే దుంగను ఏటవాలుగా కోసి చేసిన రెండు ముక్కలు అవి.

ఆ మధ్యాహ్నం చాచా చెప్పింది ఇదీ. తొంభై ఏళ్ళ కిందటి మాట, ఆయన తన బాపు నోట విన్నది. అప్పటిదాకా ఘాటు మీద ఎడ్లబండ్లే. కింద ఊళ్ళలో అదనపు ఎడ్లు కిరాయికి ఇచ్చేవాళ్ళుండేవారు. ఒక షావుకారు లారీ కొన్నాడు. పైకి ఉప్పు, గాసునూనె, అంటే కిరసనాయిలు, డబ్బాలు. కిందికి పత్తి. గట్టి రబ్బరు చక్రాలు. బ్రేకు ఉండీ లేనట్టే. మలుపు మలుపుకూ నీళ్ళు మసిలి ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ వెనక్కి జారకుండా చక్రాల కింద మొద్దులు వేయాలి. అందుకు ఇద్దరు మనుషులు, ఒక్కో వెనక చక్రానికి ఒక్కొక్కరు, కడేనికి కట్టిన తాడు పట్టుకుని, మొద్దు ఈడ్చుకుంటూ ఘాటు పొడుగునా లారీ వెనకాల నడవాలి.

"మరి లారీ ఎక్కేటోళ్ళు కాదా?"

"ఘాటు మీద ఒక్కనాడు గూడ ఎక్కలే. లారీ మీదుంటే మొద్దు ఎవలు ఏస్తరు? ఎడ్లోళ్ళు బండల మీద కూసోని చూస్తుండిరట, ఎప్పుడు ఆగిపోతదా, ఎప్పుడు పిలుస్తరా అని. ఆగితే డబలు కిరాయి! దిగేటప్పుడైతే ఎనుకకు ఓ పెద్ద దుంగ కట్టి ఈడిపిచ్చేది, జోరు తగ్గెతందుకు. దిగినంక గా దుంగను కట్టెల కోసం ఆడోళ్ళు కొట్లాడుకుంటుండిరి."

నాకు నవ్వు రాలేదు. రాతి మీద ఆగిన "మొదటి లారీ" కళ్ళ ముందు కనబడుతోంది. పెద్దబాపుకు ఏమని చెప్పను?

"ఆయన కాలి ఏళ్ళు?" అని అడిగాను, నర్సు గొంతుతో.

"మా బాపు కాలు జారిండు బేటీ. ఓ మలుపు మీద లారీ ఎనుకకొస్తుంది, మొద్దు చెయ్యిల నుంచి పోయింది, మనిషి చక్రం ఎనుక పడ్డడు. సామేలు తన మొద్దు ఏసి గిటు ఉరికిండు. మా బాపును కాలితోని తన్ని పక్కకు దొర్లిచ్చి, గీ మొద్దు చక్రం కింద దోపిండు. బండి ఆగింది. ఆయన కాలి మీద." ఆయన తన మొద్దు మీద చెయ్యి వేశాడు. "అప్పటికి మా బాపుకు పెండ్లి గాలే. గప్పుడు పోయుంటే నేనేడుంటుంటి? దీన్ని ఇంట్ల ఎవ్వలు కాలితోని తన్నరు."

మేము మాది ఎనభై ఏళ్ళుగా కాలితో తన్ని తలుపుకు అడ్డం పెడుతున్నాం. నాకు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుంటుంటే షబానా నీళ్ళ గ్లాసు ఇచ్చి, "ఠేచా జర ఎక్కువైందా ఆంటీ?" అని అడిగింది. అవునన్నాను.

మళ్ళీ ఘాటు, ఈసారి కాళ్ళతో

ఆ రాత్రి ఇమాం సాబ్ ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు ఖాజా ఆదిలాబాద్ నుంచి పత్తి బేళ్ళు వేసుకొచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. నిర్మల్‌లో టైరు చూపించుకోవడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. నేను ఆటో మాట్లాడుకుని పాత ఘాటు కిందికి వెళ్ళాను. ఆటో ఆయన వెనకాల మెల్లగా వస్తుంటే, నేను మొద్దు చంకన పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

"మొక్కు ఏమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగాడు పాపం.

మొదటి మలుపు దగ్గర కోతులు నా చేతిలోని జామపండ్ల కవరు లాక్కున్నాయి. మొద్దు జోలికి మాత్రం రాలేదు, వాటికి బుద్ధి ఉంది. రెండో మలుపుకు భుజం లాగేసింది. మూడో మలుపు కనబడుతుండగానే మొద్దును రోడ్డు పక్కన వేసి దాని మీదే కూర్చుండిపోయాను. నేను ఖాళీ రోడ్డు మీద, బూట్లు తొడుక్కుని, నా ఇష్టానికి నడుస్తున్నాను. ఆయన చెప్పుల్లేకుండా, జారుతున్న లారీ వెనకాల, ముఖం మీద పొగతో నడిచాడు. మొదటి డ్రైవర్ మనుమరాలిని అని చిన్నప్పటి నుంచి వందసార్లు చెప్పుకున్నాను. ఆ మలుపులో కూర్చున్నప్పుడు అనిపించినంత గర్వం వాటిలో ఒక్కసారి కూడా అనిపించలేదు.

కానీ గర్వం నాది. రాయి పెద్దబాపుది.

హుస్నాబాద్: మూడు రోజుల తర్వాత

చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. పెద్దబాపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నడిచిండా?"

"నడిచిండు పెద్దబాపు."

"లారీల కూసోనే లేదా?"

"ఘాటు మీద కూసోలే."

"నిన్నెవలు పొమ్మన్నరు?" అని అరిచాడు. నన్ను పంపింది ఆయనే. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎనభై ఏళ్ళు అందరికీ చెప్పుకున్న మాటను నేను మూడు రోజుల్లో ఊడబెరికి తెచ్చాను. నిర్మల్ బొమ్మ లారీ తీసి ముందు పెడితే, వేలితో దాన్ని ముందుకూ వెనక్కూ తోసి, పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున తనే అడిగాడు. "గా ఖాజాగాని బండి ఉన్నదా?"

ఖాజా ఖాళీ లారీ తెచ్చాడు. చర్చి ముందు రోడ్డు ఏటవాలుగా ఉంటుంది. పెద్దబాపు కర్ర పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. మొద్దు తానే వేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు, మా వంశంలో కాలి వేళ్ళు పోగొట్టుకోవడానికి ఒక్కరు చాలు. ఆగి ఉన్న లారీకి జానెడు వెనకాల మొద్దు పెట్టి నేను దూరంగా వచ్చేశాను. ఖాజా బ్రేకు వదిలాడు.

లారీ మెల్లగా వెనక్కి వచ్చింది. చక్రం మొద్దు మీదికి ఎక్కబోయింది. టేకు కిర్రుమంది. అంత పెద్ద బండి ఒక్క ఊపు ఊగి నిలబడిపోయింది.

"ఆగింది," అన్నాడు పెద్దబాపు.

కర్రతో మొద్దును చూపించి మళ్ళీ అన్నాడు, "ఆగింది బిడ్డా. బాపు ఆపిండు." ఎనభై ఆరేళ్ళ మనిషి రోడ్డు మీద అలా ఏడుస్తుంటే నేనూ ఖాజా లారీ వైపు చూస్తూ నిలబడ్డాం.

రాయి చెక్కే ఆయనకు మనుమడు పుట్టాడు, సంతోషంగానే వచ్చాడు. "డ్రైవర్" అన్న మాటకే చోటు వదిలానని, ఇప్పుడు ఇంత పొడుగు చెబితే ఎలాగని కాసేపు గొణిగి, కింది వరసలో చిన్న అక్షరాలతో ఇరికించాడు. ఇప్పుడు మా తాత రాయి మీద ఇలా ఉంది: "నిర్మల్ ఘాటు ఎక్కిన మొదటి లారీ", దాని కింద, "వెనక నడిచినవాడు, ఆపినవాడు".

ఆదివారం ప్రార్థనకు సమాధుల తోట నిండింది. ఇచ్చోడ నుంచి ఇమాం చాచా రాలేకపోయాడు గానీ, తన మొద్దును ఖాజా లారీలో పంపాడు, చూపించి మళ్ళీ పంపమని. పెద్దబాపు రెండు మొద్దులూ రాతికి చెరో పక్క పెట్టించాడు. మాట్లాడమంటే ఎప్పటిలా అరగంట తీసుకోలేదు. "మా బాపు డ్రైవర్ గాదు. గిన్నేండ్లు తప్పు చెప్పిన. ఆయన నడిచిండు," అని చెప్పి కూర్చున్నాడు. పాస్టరు గారు ఆమెన్ అన్నారు.

అందరూ చాయ్, బిస్కెట్లు తీసుకుంటుండగా చుట్టాల్లో ఒకాయన, దగ్గరివాడే, పెద్దబాపు పక్కకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"దేవదాసు మామా, మా తాత గూడ గా లారీ ఎంబడే నడిచిండంట, మా అవ్వ చెప్తుండె."

పెద్దబాపు చాయ్ సాసరు కింద పెట్టాడు. రెండు మొద్దుల వైపు ఒకసారి చూశాడు. ఆయన గొంతు ఎప్పటి గొంతే, తోట మొత్తం వినబడింది.

"ఏ చక్రం?"